‘సైకో’ చూసేముందు యాభై ఎపిసోడ్లు

ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ ‘సైకో’ మీరింకా చూడలేదా? మంచిది, ఇప్పుడే చూడకండి. ముందు ‘బేట్స్ మోటెల్’ మొత్తం చూడండి. 2013 నుంచి 2017 దాకా అమెరికాలో ఏ అండ్ ఈ చానల్లో ఐదు సీజన్లుగా, 50 ఎపిసోడ్లుగా వచ్చిన సీరియల్ అది; ‘సైకో’లోని హంతకుడు నార్మన్ బేట్స్, అతని తల్లి నార్మాల కథను సినిమాకు ముందు నుంచి చెబుతుంది. 1960లో సినిమా మొదలయ్యాక ఎవరినీ లోపలికి రానివ్వొద్దని హిచ్‌కాక్ థియేటర్లకు షరతు పెట్టాడు. నేను మాత్రం గుట్టంతా తెలుసుకునే హాల్లోకి వెళ్లమంటాను. గుట్టు తెలిస్తే ఒక ఉలికిపాటు తగ్గుతుంది, అంతే. తెలియకుండా వెళితే ఆ ఇంట్లో హత్యకు గురైన నార్మా బేట్స్ మీకు ఎప్పటికీ కనిపించదు.

సినిమాలో తల్లి గురించి మనకు తెలిసేదంతా ఎవరు చెప్పారో గమనించండి. మేడమీద నుంచి వినిపించే గొంతు కొడుకుదే. చివర్లో మానసిక వైద్యుడు డాక్టర్ రిచ్‌మండ్ ఆమె పీడించే మనిషని, కొడుకును అంటిపెట్టుకుని ఉండేదని వివరిస్తాడు. ఆ కథ ఆయనకు చెప్పింది నార్మన్ బుర్రలో ఉన్న ‘తల్లి’. అంటే చంపినవాడి వాంగ్మూలమే సాక్ష్యం! అందుకే రిచ్‌మండ్ మాట్లాడటం మొదలెట్టగానే సౌండ్ తీసేయండి. గదిలో నార్మన్ ఒక్కడే కూర్చున్నప్పుడు మళ్లీ పెట్టుకోండి.

హంతకుడు ఎందుకు అలా అయ్యాడన్న ప్రశ్నతో సీరియల్ ముందు కూర్చోకండి. ఆ లెక్కలో ‘బేట్స్ మోటెల్’ నెగ్గదు. తల్లిని కొడుతున్న తండ్రిని నార్మన్ స్పృహలేని స్థితిలో చంపుతాడు. తర్వాత ఏ ఘోరం జరిగినా అదే మరపు, అదే మైకం. కారణం అడిగినప్పుడల్లా జబ్బును చూపించడం వివరణ కాదు. 2013 నాటి మొబైల్ ఫోన్ల కాలం నుంచి 1960 సినిమాలోకి ఎలా వెళతాం అని కూడా అడగకండి. మొదటి సీజన్లలో వైట్ పైన్ బే ఊరి గంజాయి వ్యాపారం గొడవలు వస్తే నిస్సంకోచంగా ముందుకు జరిపేయండి. ఏమీ పోదు.

వెరా ఫార్మిగా తెరమీద ఉన్నప్పుడు మాత్రం ఒక్క క్షణం కూడా వదలొద్దు. ఆమె నార్మా అబద్ధాలాడుతుంది, అరుస్తుంది, అంతలోనే నవ్విస్తుంది. సొంత అన్న చేతుల్లో చెడిన బాల్యం ఆమెది. కొడుకు ఏం చేస్తున్నాడో తెలిసీ దాస్తుంది. అది తప్పే. కానీ ఆ తప్పు చేసే తల్లిని మనం ఎక్కడా చూడలేదని చెప్పగలమా? నాలుగో సీజన్లో నార్మన్‌ను మంచి ఆసుపత్రిలో చేర్చడానికి ఇన్సూరెన్స్ కోసం షెరిఫ్ రొమేరోను పెళ్లి చేసుకుంటుంది. అవసరానికి కట్టుకున్న ఆ మనిషితోనే మొదటిసారి సుఖపడుతుంది. అది చూసి కొడుకు ఇంట్లోకి విషవాయువు వదిలి, ఆమె పక్కనే పడుకుంటాడు. అతను బతుకుతాడు, ఆమె పోతుంది.

ఇప్పుడు సినిమాకు రండి. నార్మన్ తల్లి తన ప్రియుడికి స్ట్రిక్‌నిన్ పెట్టి తానూ తిని చచ్చిపోయిందని షెరిఫ్ చేంబర్స్ చెబుతాడు. ఊరంతా నమ్మిన కథ అది. ఇద్దరినీ చంపింది కొడుకే, నింద తల్లిది. సినిమా ఒక్కటే చూసినవాళ్లకు ఈ మాట ఒక ఆధారంగా చెవిన పడి దాటిపోతుంది. యాభై ఎపిసోడ్లు చూసి వచ్చినవాళ్లకు ఒళ్లు మండుతుంది. ‘సైకో’ చూస్తూ కోపం రావాల్సింది అక్కడే అని నా గట్టి నమ్మకం.

1990లో టీవీకి తీసిన ‘సైకో 4’ను పక్కన పెట్టండి. మొదటి సినిమాకు స్క్రీన్‌ప్లే రాసిన జోసెఫ్ స్టెఫానోయే దాన్నీ రాశాడు. కారణాలన్నీ చక్కగా కుదురుతాయి, తల్లి క్రూరురాలు కాబట్టి కొడుకు ఇలా అయ్యాడు అని. అంత చక్కగా కుదిరిందంటే మళ్లీ కొడుకు మాటే నమ్మారన్నమాట.

విలన్‌ను వివరించకుండా వదిలేయడమే గొప్ప అనేవాళ్లు 2013లోనే మొదలైన ‘హానిబల్’ సీరియల్‌ను చూపిస్తారు. మ్యాడ్స్ మికెల్సన్ లెక్టర్‌కు ఆ పద్ధతి సరిపోయింది. అతని కథలో నోరు నొక్కేసిన తల్లి లేదు. నార్మన్ ఇంట్లో ఉంది. అక్కడ మౌనంగా ఉండటం హంతకుడికి కొమ్ముకాయడమే.

‘బేట్స్ మోటెల్’ ఐదో సీజన్లో, సినిమాలో షవర్‌లో హత్యకు గురయ్యే మారియన్ క్రేన్‌గా రిహానా వస్తుంది. ఇక్కడ షవర్‌లో చచ్చేది ఆమె కాదు, ఆమె ప్రియుడు శామ్ లూమిస్. సినిమా పాడైపోయిందని గుండెలు బాదుకోకండి, మార్చడం సీరియల్ తీసినవాళ్ల హక్కు.

ఐదు సీజన్లకు ఓపిక లేదంటారా, నాలుగో సీజన్లోని పది ఎపిసోడ్లయినా చూడండి. హిచ్‌కాక్ సినిమా ఆ తర్వాతే పెట్టుకోండి.