ఎవర్‌గ్రీన్ టెరస్ గడ్డియంత్రం

నేను గడ్డి కోసే యంత్రాన్ని. మాది స్ప్రింగ్‌ఫీల్డ్, ఎవర్‌గ్రీన్ టెరస్ వీధి, 742వ నంబరు ఇల్లు. నా యజమాని హోమర్ సింప్సన్. మమ్మల్ని గీసిన మాట్ గ్రోనింగ్ పుట్టి పెరిగింది అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో. పక్కింటాయన ఇంటిపేరు ఫ్లాండర్స్ ఆ ఊళ్లోని ఒక వీధి పేరే. 1989 డిసెంబరులో మా కార్టూన్ 'ది సింప్సన్స్' ఫాక్స్ టీవీలో సీరియల్‌గా మొదలైంది.

నెడ్ ఫ్లాండర్స్ భక్తిపరుడు, ఇచ్చిన వస్తువు తిరిగి రాకపోయినా పల్లెత్తు మాట అనడు. హోమర్‌కి ఆయనంటే ఒళ్లుమంట. నెడ్ చేసిన తప్పేమీ లేదు, హాయిగా బతుకుతున్నాడంతే.

1990లో వచ్చిన ఎపిసోడ్‌లో హోమర్ నాతో గడ్డి కోస్తుంటే నెడ్ తన ఇంట్లోకి పిలిచి మంచి బీరు పోశాడు. ఆ గది, నెడ్ కొడుకు తండ్రి మీద చూపించే ప్రేమ చూసి మావాడికి కడుపు మండింది. గొప్పలు పోతున్నావంటూ విరుచుకుపడ్డాడు. పాపం, నెడ్ క్షమాపణ ఉత్తరం రాస్తే దాన్ని చదివి పడీపడీ నవ్వాడు. ఆ పంతం చివరికి పిల్లల గోల్ఫ్ పోటీకి పాకింది. గెలవని కుర్రాడి తండ్రి తన భార్య గౌను తొడుక్కుని అవతలివాళ్ల గడ్డి కోయాలని పందెం. హోమర్ కొడుకు బార్ట్, నెడ్ కొడుకు టాడ్ ఇద్దరూ ఆట మధ్యలోనే సరిసమానమని చేతులు కలిపారు. ఎవరూ గెలవలేదు కాబట్టి తండ్రులిద్దరికీ గౌన్లు తప్పలేదు. హోమర్ సిగ్గుతో చచ్చిపోతుంటే నెడ్ మాత్రం కాలేజీ రోజులు గుర్తొస్తున్నాయని మురిసిపోయాడు. పగ ఒకవైపే ఉందని నాకు అప్పుడే తెలిసింది.

1994లో కథ తిరగబడింది. నెడ్ ఫుట్‌బాల్ మ్యాచ్‌కి తీసుకెళ్లాడు, హోమర్ కరిగిపోయాడు. ఇక వదిలితేనా! పొద్దస్తమానం నెడ్ గుమ్మంలోనే. నెడ్ కుటుంబంతో కారెక్కి పారిపోతుంటే గోల్ఫ్ కర్రలు పట్టుకుని వెనకాల పరిగెత్తాడు. తిట్లన్నీ ఓర్చుకున్న మనిషి ఈ స్నేహాన్ని ఓర్చుకోలేకపోయాడు. చర్చిలో ప్రార్థన వేళ హోమర్ ముక్కుతో చప్పుడు చేస్తుంటే నెడ్ అరిచేశాడు. ఊరంతా నెడ్ మీదే ఎగబడింది. అప్పుడు హోమర్ లేచాడు. తానెంత ఏడిపించినా సహించిన మంచివాడని నలుగురిలో చెప్పి నెడ్‌ని కాపాడాడు.

నెడ్ మంచితనం ఆ వీధిలో అందరికీ తెలుసు. నిండు చర్చిలో దాన్ని ఒప్పుకున్న ఆ ఒక్క పూటకీ నా ఓటు హోమర్‌కే.