గోటింగెన్ వారి పొదుపు

జర్మనీలోని గోటింగెన్ విశ్వవిద్యాలయపు పెద్దమనుషుల్ని లోకం ఊరికే ఆడిపోసుకుంటోంది. గణితవేత్త ఎమ్మీ నోథర్‌కు అన్యాయం చేశారట! జమాఖర్చు తెలియనివాళ్ల మాట. ఇరవయ్యో శతాబ్దపు బీజగణితాన్ని ఇంత చవగ్గా కొట్టేసినవాళ్లు ఇంకెవరైనా ఉంటే చూపించండి.

నిజానికి ఈ బేరం కనిపెట్టిన ఘనత ఎర్లాంగెన్ విశ్వవిద్యాలయానిది. ఆడవాళ్లను చేర్చుకుంటే విద్యాలయ కట్టుబాటంతా తలకిందులవుతుందని 1898లో అక్కడి సెనేటు తేల్చింది. రెండేళ్లకు ఎమ్మీ వచ్చి, ఒక్కో ప్రొఫెసర్ అనుమతీ అడుక్కుని, వెనక కూర్చుని పాఠాలు వింది. (కట్టుబాటు తలకిందులైన దాఖలాలు లేవు.) 1907లో డాక్టరేటు వచ్చింది. ఆ తర్వాత ఏడెనిమిదేళ్లు అదే ఊళ్లో పైసా జీతం లేని పరిశోధన, తండ్రికి ఒంట్లో బాగాలేనప్పుడు ఆయన బదులు పాఠాలు. తండ్రి మాక్స్ నోథర్ బీజీయ జ్యామితిలో పేరుమోసిన ఆచార్యుడు. ఆయనకు జీతం ముడుతూనే ఉంది కదా, ఒకే ఇంటికి రెండెందుకు?

1915లో అక్కడి గణితాచార్యులు హిల్బర్ట్, క్లైన్ ఆమెను గోటింగెన్‌కు పిలిపించారు. ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతంలో శక్తి నిత్యత్వం లెక్క ఎంతకీ కొలిక్కి రాక తలలు పట్టుకున్నారు మరి. పని సరే, ఉద్యోగమో? చరిత్రకారులూ భాషావేత్తలూ ఉలిక్కిపడ్డారు. యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుడు ఆడమనిషి ముందు కూర్చుని చదువుకోవాలా అన్నారట. ఫిరంగులకు చావనివాడు నల్లబల్ల దగ్గర చస్తాడని కాబోలు బెంగ! ఇది విశ్వవిద్యాలయం, స్నానశాల కాదయ్యా అని హిల్బర్ట్ కసిరాడని ఇప్పటికీ చెప్పుకుంటారు.

కసిరితే పని కాలేదు. పొదుపుతో అయింది. 1916-17 చలికాలపు ప్రకటనలో సెమినార్ హిల్బర్ట్ పేరున వెలిసింది. డాక్టర్ నోథర్ 'సహకారం' అందిస్తారు. సోమవారం నాలుగు నుంచి ఆరు. రుసుము లేదు. చెప్పే మనిషికి జీతం లేదు, వినేవాళ్లకు ఫీజు లేదు, పేరు మాత్రం ప్రొఫెసర్‌గారిది. ఇంత పకడ్బందీ ఏర్పాటు ఏ జమీందారీ కచేరీకి తట్టింది?

1918లో ఆమె ఆ లెక్క తేల్చేసింది. ప్రకృతిలో నిరంతర సౌష్ఠవం ఉన్నచోట ఒక నిత్యత్వ నియమం ఉండి తీరుతుందని చూపించింది. భౌతికశాస్త్రం ఈనాటికీ ఆ సిద్ధాంతం మీదే బతుకుతోంది. దాన్ని గోటింగెన్ విజ్ఞాన సభ ముందు పెట్టింది మాత్రం క్లైన్. ఆమెకు సభ్యత్వం లేదు, చచ్చేదాకా రాలేదు. 1919లో పాఠం చెప్పే అర్హత ఇచ్చారు. 1922లో జీతమూ పెన్షనూ లేని ఆచార్య హోదా ఇచ్చారు. 1923లో, నలభై ఒకటో ఏట, మొట్టమొదటిసారి కాస్త జీతం పడేశారు. ఆ ముహూర్తం పెట్టిన మహానుభావుడెవరో గాని, ఆ నవంబరులో జర్మనీలో రొట్టె ధర వేల కోట్ల మార్కులు పలికింది! అదైనా ఏటేటా రెన్యువల్ చేయించుకోవాల్సిన కాంట్రాక్టే.

ఇంతకీ అమ్మిన సరుకేమిటి? రింగులంటే కూడికా గుణకారమూ సాగే బీజగణిత వ్యవస్థలు; ఐడియల్స్ అంటే వాటి లోపలి ప్రత్యేక ఉపసమితులు. ఒకదాన్ని మించి ఒకటి పెరిగే ఐడియల్స్ వరస ఎక్కడో ఒకచోట ఆగి తీరే రింగులు, అదీ సరుకు. 1921 నాటి వ్యాసంలో ఆమె పట్టుకున్నది ఈ ఒక్క షరతే. చదరంగంలో ప్రపంచ విజేత లాస్కర్ (ఆయన గణితవేత్త కూడా) 1905లో పాలినామియల్స్‌కు నానా తంటాలు పడి రాబట్టిన ఫలితం, ఈ షరతుతో సునాయాసంగా వచ్చేసింది. జ్యామితి భాషలో ఆ ఫలితం ఇదీ: సమీకరణాలతో పుట్టే ఏ ఆకారమైనా, ఇక విడదీయలేని కొన్ని ముక్కలుగానే విడిపోతుంది. బీజీయ జ్యామితి పుస్తకం తెరిస్తే 'నోథీరియన్' అనకుండా నాలుగు పేజీలు నడవవు. ఆ షరతును ఆమె కొలువుకే వర్తింపజేసిన ప్రజ్ఞ గోటింగెన్‌ది: మెట్టు మీద మెట్టుగా పెరిగిన వరస 1923లో ఠక్కున ఆగింది.

1932లో జూరిచ్‌లో ప్రపంచ గణిత మహాసభ ప్రధాన ఉపన్యాసం ఇచ్చిన తొలి మహిళ ఆమె. రెండో మహిళ కారెన్ ఉలెన్‌బెక్, 1990లో, క్యోటోలో. మధ్యలో 58 ఏళ్లు. పొదుపు ఒక్క గోటింగెన్ సొత్తేమీ కాదన్నమాట.

1933లో నాజీ ప్రభుత్వం యూదు స్త్రీ అని ఆ పిసరు జీతమూ మిగుల్చుకుంది. అమెరికాలో బ్రిన్ మార్ మహిళా కాలేజీ చోటిచ్చింది. 1935 ఏప్రిల్ 14న, శస్త్రచికిత్స తర్వాత, యాభై మూడేళ్లకే పోయింది.

ఇక మొదలయ్యాయి దానధర్మాలు. పేరు పెట్టడానికి ఖజానా తెరవక్కర్లేదు కదా! రింగులకు ఆమె పేరు, సిద్ధాంతానికి ఆమె పేరు. 2010లో మహాసభ మన హైదరాబాద్‌కు వచ్చినప్పుడూ ఎమ్మీ నోథర్ ఉపన్యాసం జరిగింది. అన్నట్టు, అక్కడే రామన్ పరిమళ, బీజీయ జ్యామితిలో దిట్ట క్లేర్ వోయ్‌సాఁ ప్రధాన ఉపన్యాసాలిచ్చారు. హాల్లో కూర్చున్న మగవాళ్లెవరికీ ప్రాణాపాయం కలగలేదు.

జర్మన్ పరిశోధన సంస్థ యువ పరిశోధకుల కోసం ఎమ్మీ నోథర్ పథకమే నడుపుతోంది. ఆరేళ్లు నికరమైన నిధులు, సొంత బృందం. డాక్టరేటు వచ్చాక సాధారణంగా నాలుగేళ్లలోపు దరఖాస్తు పెట్టుకోవాలి. ఆమె గోటింగెన్‌లో అడుగుపెట్టేసరికే ఏడేళ్లు దాటాయి. ఆ 1921 వ్యాసం నాటికి దాదాపు పద్నాలుగు. దరఖాస్తు గడువు మీరినందున పరిశీలించబడదు.