ఒక నకిలీ కేసెట్టు ఆత్మకథ

స్వీయచరిత్ర వ్రాయబూనిన పెద్దలెల్లరును తమ గోత్రప్రవరలతో నారంభింతురు గనుక నేనును ఆ సంప్రదాయము తప్పక నా పుట్టుపూర్వోత్తరములను మొదట విన్నవించుకొందును. వినిన పిమ్మట మీరు ముఖము చిట్లింపగూడదు. జపాను దేశమున నింటెండో సంస్థవారు మసయుకి ఉఎమురా అను యంత్రజ్ఞునిచేత రూపొందింపజేసి, 1983వ సంవత్సరము జూలై నెలలో ఫ్యామికామ్ అను ఎఱుపు తెలుపుల ఆటపెట్టెను విపణిలో బెట్టిరి. ఆ పెట్టెకు అనుకరణములును, ఆ అనుకరణములకు మరల అనుకరణములును పుట్టి, సముద్రములు దాటి, మన వీథుల కంగళ్ల దాక వచ్చినవి. ఆ వంశమున కడపటి తరమువాడను నేను. నింటెండోవారి అనుమతి నాకు లేదు. నాలోని ఆటలు కట్టినవారికి నా మూలమున దమ్మిడీ ముట్టలేదు. పసుపుపచ్చని ప్లాస్టిక్ చొక్కా తొడుగుకొని, కడుపులో నొక చిన్న సర్క్యూట్ పలకయు, దాని యంచున అటునిటు కలిపి అఱువది లోహపు పళ్లును గలిగి, నుదుట ‘ఒక్కదానిలో 9999 ఆటలు’ అను చీటి యంటించుకొని, 1996వ సంవత్సరపు వేసవిలో హైదరాబాదు కోఠీ గుజరాతీ గల్లీలో నొక దుకాణమున వ్రేలాడుచుండగా, మా యబ్బాయి తండ్రిగారు గంటసేపు బేరమాడి నన్ను గొనిరి.

చీటిమీది మాట పచ్చి యబద్ధము. నాలో నున్నవి యిరువది యాటలకు మించవు. మారియోయే మొదటి సంఖ్యలో మొదటి అంచెనుండియు, నలువదియవ సంఖ్యలో నడుమ నొక అంచెనుండియు, మూడువందలవ సంఖ్యలో మఱియొక పేరుతోను ప్రత్యక్షమగుచుండును. కాంట్రా సంగతియు నింతే. పదేండ్ల బాలుడు రెండవనాడే నా గుట్టు కనిపెట్టెను. అయినను వానికి కోపము రాలేదు. ఏలయనగా, ఉన్న యిరువదియు ఆద్యంతములు గలిగి, ఎవ్వరి యనుమతియు నడుగక, మీట నొక్కిన తక్షణమే ప్రారంభమై, చేతనైనవానిని కడదాక తీసికొనిపోవుచుండెను. 1985లో నింటెండోలోని మియామోటో బృందమువారు నిర్మించిన ఆ తొలి సూపర్ మారియో మొత్తము 40 కిలోబైట్లు. నేడు మీరు తెల్లవారకమునుపే చుట్టములందఱికి పంపుకొను శుభోదయపు చిత్రమొక్కటి యింతకంటె నెక్కువ చోటాక్రమించును. ఆ కొంచెములోనే పుట్టగొడుగులు, తాబేళ్లు, కోటలు, పాతాళమార్గములు, దాచిన నాణెములు నన్నియు నిమిడినవి. చోటు చాలమి వలన మేఘమునకును పొదకును ఒకే బొమ్మను రంగు మార్చి వాడుకొనిరి. ఈ పొదుపునకు నేను నేటికిని మురిసిపోవుచుందును.

మా యింటి వేసవులను గుఱించి యెంత చెప్పినను తనివి తీరదు. మధ్యాహ్నవేళ అడాప్టరు పెనమువలె కాగుచుండ, పక్కింటి పిల్లలు వరుసగట్టి తమ వంతునకై కూర్చుండ, లోపలినుండి అమ్మగారు “ఒరేయ్, టీవీ పేలిపోతుందిరా, ఇంక కట్టెయ్యండి!” అని కేకవేయుచుండిరి. తెరపై గీతలు వచ్చినచో మా యబ్బాయి నన్ను పెఱికి, నోటికడ బెట్టుకొని, పిల్లనగ్రోవి నూదినట్లు ఊదెడివాడు. ఊదుటచే బాగుపడుదునని దేశదేశముల బాలురందఱును నమ్మిరి గాని, బాగుపఱచినది తీసి మరల బెట్టుటయే. నోటి తడి నా పళ్లకు చిలుము పట్టించెను.

పిదప నేనటక యెక్కితిని, ఏండ్లు గడచినవి. అబ్బాయి గచ్చిబౌలిలో నుద్యోగియై, పెండ్లాడి, ఒక కూతురునకు తండ్రియై, ఇల్లు మాఱునపుడు నన్ను గుర్తించి గాజుబీరువాలో బెట్టెను. ఎదుటనే వాని క్రొత్త ఆటపెట్టె. రాత్రి పదింటికి చెవులకు హెడ్‌ఫోనులు తగిలించుకొని, డాలస్‌లో నున్న బాల్యమిత్రునితో నాడుచు, ఆడుటకంటె నెక్కువ తిట్టుచుండును. నా జ్ఞానమంతయు ఆ తిట్లవలన సంపాదించినదే.

ఒకనాడు నాలుగువేల పైచిలుకు రూపాయలు ముందుగనే చెల్లించి కొన్న యాట, విడుదలనాటి రాత్రియంతయు దిగుమతియగుచునే యుండి, తెల్లవాఱినపిమ్మట తెఱచుకొని, నడుచుచున్న మనిషిని గోడలో నిఱికించి యూరకుండెను. ఆ సంస్థ పేరు నేను జెప్పను. “సగం ఉడికిన అన్నం వడ్డించి, పప్పు వచ్చే నెల ప్యాచ్‌లో వేస్తారట్రా!” అని మావాడు మొత్తుకొనెను. 2006లో అబ్లివియన్ ఆటకై గుఱ్ఱపు కవచమును రెండున్నర డాలర్లకు విక్రయించినపుడు లోకము నవ్వినదట. ఆ నవ్వు ఆఱిపోయెను, వ్యాపారము నిలిచెను. 2017లో స్టార్ వార్స్ బ్యాటిల్‌ఫ్రంట్ 2 వచ్చునప్పటికి, మూసిన పెట్టె కొనుము, లోపలిది నీ యదృష్టమనెడి జాతర లాటరీ ఆటలోనికే చొచ్చెను. మఱుసటి యేట బెల్జియము అట్టి మూసిన పెట్టెల యమ్మకమును జూదమని నిర్ణయించెను. మా కాలమున నాణెములు గోడలలో దొఱకెడివి. నేడు తండ్రి బ్యాంకు ఖాతాలో దొఱకుచున్నవి.

అంతకంటెను నన్ను కలవరపెట్టినది ది క్రూ అను కారుపందెముల యాట కథ. 2014లో అమ్మిన దానిని 2024 మార్చి 31న యుబిసాఫ్ట్‌వారు సర్వరు కట్టివేసి నిలిపిరి. డిస్కు కొని బీరువాలో దాచుకొన్నవారికిని డిస్కు మిగిలెనే గాని ఆట మిగులలేదు. కాంకార్డ్ అను మఱియొకటి అదే యేడు ఆగస్టు 23న పుట్టి సెప్టెంబరు 6న గతించినది. సోనీవారు సొమ్ము తిరిగి యిచ్చిరి, అది మెచ్చదగినదే. డాలస్ మిత్రుడు “వందల మంది ఏళ్లతరబడి పనిచేస్తార్రా, ఖర్చు ఎలా రాబట్టుకోవాలి?” అని వారి పక్షమున వాదించును. అందులో న్యాయము లేకపోలేదు. ఆటలు కట్టినవారి కూలి నెగ్గొట్టి పుట్టిన నాకు దానిని కాదను నోరెక్కడిది? అయినను ఎరిక్ బరోన్ అనునతడు ఒంటరిగా నాలుగేండ్లకు పైగా శ్రమించి 2016లో స్టార్‌డ్యూ వ్యాలీ యను వ్యవసాయపుటాట నందింపగా లోకము నెత్తిన బెట్టుకొన్నదిగదా! ఖర్చు పెంచుమని వారినెవ్వరు బ్రతిమాలిరి?

2025లో నింటెండోవారి స్విచ్ 2తోపాటు వచ్చిన కొన్ని కేసెట్లను గుఱించి వినినపుడు మాత్రము నాకు నోట మాట రాలేదు. అవి చూచుటకు మా కులమువే, కాని కడుపులో ఆట లేదు; తాళపుచెవి మాత్రమే యున్నది; ఆటను వలలోనుండి దింపుకొనవలయునట. తొమ్మిదివేల తొమ్మిదివందల తొంబదితొమ్మిదని బొంకి యిరువది యిచ్చినవాడను నేను. ఒకటని చెప్పి సున్న యిచ్చు నా దాయాది అసలు వంశీయుడు; పైగా ఆ మాటను పెట్టెమీదనే ముద్రించుకొన్న సత్యసంధుడు!

గత ఆదివారము మా యబ్బాయి ఏదో మార్పిడి పెట్టె కొని తెచ్చి, నా పాత ఆటపెట్టెను క్రొత్త టీవీకి తగిలించెను. పాప యడిగినది: “నాన్నా, దీనికి వైఫై పాస్‌వర్డ్ ఏంటి?”

“దీనికి నెట్ అక్కర్లేదు తల్లీ.”

“మరి మారియోకి కొత్త డ్రెస్సులు ఎలా కొంటాం?”

“కొనం. పువ్వు తింటే వాడే మార్చుకుంటాడు.”

మొదట తెర బూడిదరంగుగా నుండెను. మా యబ్బాయి పూర్వపుటలవాటున నన్ను నోటికడకు గొనిపోవ, గుండె గుభేలుమన్నది. నా సంగతి యటుండనిండు; మీ యటకమీద నా తోడబుట్టినవారెవరైన నున్నచో మాత్రము, అయ్యలారా, అమ్మలారా, దయచేసి ఊదకుడు. స్పిరిటులో ముంచిన దూదితో ఆ పళ్లను మెల్లగా తుడిచి, ఆఱనిచ్చి, పెట్టెలో బెట్టుడు.