నేనే ఫాంట్ ట్యాగ్‌ని

నన్ను మీరు చూసి ఉండరు. నేను అద్దిన రంగులను మాత్రం చూసే ఉంటారు. వెబ్‌పేజీ కోడ్‌లో మాటకు ముందొక ముక్కగా, వెనకొక ముక్కగా నిలబడి మధ్యలో ఉన్నదానికి రంగు, సైజు, ఫాంటు తొడగడం నా పని. తొంభైల నడుమ నెట్‌స్కేప్ బ్రౌజర్ వాళ్ల చేతుల్లో పుట్టాను. 1997 జనవరిలో వెబ్‌పేజీలు రాసే భాష హెచ్‌టీఎంఎల్ 3.2 ప్రమాణంలో నా పేరెక్కించారు. అదే ఏడాది డిసెంబరులో 4.0 వచ్చింది. అందులో నన్ను వాడొద్దన్నారు. ఉద్యోగం ఖాయం చేసిన ఏడాదే రిటైర్మెంట్ కాగితం కూడా చేతిలో పెట్టారన్నమాట.

ప్రమాణంలో పదహారు రంగులకే పేర్లుండేవి. పేరు లేని రంగు కావాలంటే ఎరుపు, ఆకుపచ్చ, నీలాలకు రెండేసి అక్షరాంకెల చొప్పున ఆరు రాసిస్తే సరి, కోటీ 67 లక్షల పైచిలుకు రంగులు. తప్పు రాసినా వట్టి చేతులతో పంపేదాన్ని కాదు. తెలియని అక్షరాన్ని సున్నాగా లెక్కగట్టి ఏదో ఒక రంగు ఇచ్చేదాన్ని. ఎవరైనా తెలుగులోనే ‘ఎరుపు’ అని రాశారనుకోండి, అన్నీ సున్నాలై నలుపు వస్తుంది! నవ్వుకోండి, పరవాలేదు.

అన్ని భాషల అక్షరాలకూ ఉమ్మడి సంకేతాలిచ్చే యూనికోడ్ ఇంకా ఇళ్లకు చేరని రోజుల్లో ఎన్నో తెలుగు సైట్లను మోసింది నేనే. కోడ్‌లో ఉండేవి ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ. నా పక్కన తెలుగు ఫాంటు పేరు రాస్తే తెరమీద తెలుగు కనిపించేది. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో వార్త కాస్తా గజిబిజి అయ్యేది. తిట్లు నాకు.

అసలు కడుపుమంట ఇంకోటి. తెల్లటి పేజీ మీద పసుపు, నీలం మీద ఎరుపు పూయించుకున్నవాళ్లు తర్వాత ‘ఈ ట్యాగ్ వల్లే పేజీలు జాతరలా ఉన్నాయి’ అన్నారు. ఒక యజమాని హెడ్డింగులన్నీ నీలం చేయించాడు. నెల తిరక్కుండా ఆకుపచ్చ కావాలన్నాడు. ప్రతి పేజీలో, ప్రతి హెడ్డింగు దగ్గర నన్ను వెతికి మార్చాలి. కొన్ని మరిచారు. ఆ సైటు మూతపడేదాకా అక్కడక్కడా నీలంగానే ఉండిపోయాను. పేజీల రూపాన్ని ఒకేచోట రాసిపెట్టే సీఎస్‌ఎస్ వచ్చి ఒక్క వరుసతో సైటు మొత్తం రంగు మార్చేసింది. ఆ పోటీలో నేను ఓడినమాట నిజం.

2014లో హెచ్‌టీఎంఎల్5 నన్ను పూర్తిగా పక్కనపెట్టింది. అయినా ఏ పెద్ద బ్రౌజరూ నన్ను తీసెయ్యలేదు. తీసేస్తే పాత పేజీలు వెలవెలబోతాయి. బ్రౌజర్లలో రాతపెట్టెలకు రంగు అద్దే పాత ఆదేశం ఒకటుంది. దాన్ని పిలిస్తే చాలాచోట్ల లోపల పుట్టేది ఇప్పటికీ నేనే.

ఇప్పుడంతా వెబ్‌సైట్ బిల్డర్ల కాలం. ‘ఏ’ అక్షరం కింద రంగు గీత, నొక్కితే రంగుల పెట్టె. కోడ్ మారింది, చెయ్యి మారలేదు. ఒక్క మాటను సెలెక్ట్ చేసి ముదురు నీలం అద్దుతారు. తర్వాత థీమ్‌ను నల్లగా మారుస్తారు. మిగతా అక్షరాలు తెల్లబడతాయి, ఆ మాట మాత్రం చీకట్లో కలిసిపోతుంది. మరికొందరికి లేత బూడిద రంగంటే నాజూకు. మామూలు సైజు అక్షరానికీ నేపథ్యానికీ వెలుగు తేడా కనీసం 4.5కు 1 ఉండాలని వెబ్ ప్రమాణాలు చెబుతున్నాయి. తెలుపు మీద 777777 బూడిద 4.48 దగ్గరే ఆగిపోతుంది. 767676 అయితే 4.54తో గట్టెక్కుతుంది. అంతకన్నా లేతగా వేస్తే తెలుగులో గుడేదో గుడిదీర్ఘమేదో పెద్దవాళ్లకు ఆనదు.

మీ సైటుకు రంగు మార్చాలనుకుంటే ముందు థీమ్ సెట్టింగుల్లో మార్చండి, ఫోన్‌ను ఎండలో పట్టుకుని ఒకసారి చదివి చూడండి. మాటమాటకూ విడిగా రంగు అద్దకండి. అలా అద్దినందుకేగా నన్ను ఇంటికి పంపింది!