దీపాలార్పకండి, సీజన్ నడుస్తోంది!

అమెరికా రెండో ప్రపంచ యుద్ధంలోకి దిగి నాలుగు నెలలైనా ఫ్లోరిడా తీరంలో దీపాలు దేదీప్యమానంగా వెలుగుతూనే ఉన్నాయి. ఎందుకు ఆర్పాలి? సీజను కదా! మయామీ నియాన్ వెలుగులు చూడవచ్చిన పెద్దమనుషులు చీకట్లో తడుముకోవాలా? వ్యాపారం ఏమైపోవాలి? ఆ వెలుగుకు అడ్డంగా పోయే చమురు ట్యాంకరు ఓడ నల్లటి బొమ్మలా కనబడుతుందనీ, సముద్రంలో పొంచివున్న జర్మన్ జలాంతర్గామికి గురి చూడడం సులువవుతుందనీ అంటారా? అది ట్యాంకరు తలరాత!

1942 ఏప్రిల్ 10 రాత్రి జాక్సన్‌విల్ బీచ్ ఎదుట 'గల్ఫ్‌అమెరికా' కాలింది. కొత్త ఓడ, తొలి ప్రయాణం. పోర్ట్ ఆర్థర్ నుంచి న్యూయార్క్‌కు ఇంధన నూనె తీసుకెళ్తోంది. టార్పెడో వేసిన జర్మన్ జలాంతర్గామి యూ-123 కెప్టెన్ హార్డెగన్, ఫిరంగి గుళ్లు ఒడ్డునున్న ఇళ్ల మీద పడకూడదని జలాంతర్గామిని చుట్టూ తిప్పి, తీరం వైపు నుంచి కాల్చానని చెప్పుకున్నాడు. ఆహా, తీరవాసుల క్షేమం శత్రువుకైనా పట్టింది! జనం బీచికొచ్చి మంట చూశారు. ఓడలో 19 మంది చనిపోయారు. అప్పుడు గవర్నర్ హాలండ్‌గారు తీరంలో దీపాలార్పమన్నారు.

పాపం, ముందు తెలియదేమో అనుకునేరు. జనవరి 14న న్యూయార్క్ దాపున 'నోర్నెస్', మర్నాడు 'కోయింబ్రా' మునిగాయి. రెండూ ట్యాంకర్లే, ముంచింది ఈ యూ-123యే. జలాంతర్గాములు వస్తున్నాయని బ్రిటిష్‌వాళ్లు అంతకుముందే చెప్పారు కూడా. కానీ ఓడల్ని గుంపుగా నడిపే కాన్వాయ్‌కి తగినంత యుద్ధనౌకల కాపలా లేకపోతే, అలాంటి కాన్వాయ్ అసలు లేకపోవడంకన్నా చేటని అమెరికా నౌకాదళ సిద్ధాంతం. అందుకని ఒక్కో ఓడనూ ఒంటరిగా పంపారు. తూర్పు తీరంలో కాన్వాయ్‌లు మే నెల మధ్యలో గాని మొదలవలేదు.

ఇక బ్రిటిష్ ఓడల కంపెనీల పొదుపు చూడండి. 1941 దాకా అక్కడ ఓడ మునిగిన రోజుతోనే నావికుడి జీతం ఆగేది. లైఫ్‌బోటులో తెడ్డు వేయడం సొంత పని కిందికి వస్తుంది కాబోలు!

అమెరికా అంతకన్నా తీరిగ్గా ఆలోచించింది. చమురు మోసిన వాణిజ్య నావికులు సైనికులు కారంటూ మాజీ సైనికుల కోసం 1944లో తెచ్చిన జీఐ బిల్లులో చదువులూ ఇంటి రుణాలూ వాళ్లకు లేకుండా చేసింది. యుద్ధకాలంలో సముద్రం మీద పనిచేసిన ఆ నావికులకు మాజీ సైనికుల హోదా దక్కింది 1988లో. గల్ఫ్‌అమెరికా నుంచి ఇరవయ్యో ఏట బతికి బయటపడిన కుర్రాడెవరైనా ఉంటే, అప్పటికి అతని వయసు అరవై ఆరు.