గుల్మార్గ్ వెళ్ళగానే గొండోలా ఎక్కకండి

కశ్మీరు టూరు ప్యాకేజీల్లో గుల్మార్గ్‌కి దక్కేది ఒకే ఒక్క పగలు. పొద్దున్నే శ్రీనగర్‌లో కారెక్కించి, యాభై కిలోమీటర్లు తిప్పుకొచ్చి, దారిలో టంగ్‌మార్గ్ దగ్గర అద్దె కోటూ రబ్బరు బూట్లూ తొడిగించి, గొండోలా (కొండెక్కించే కేబుల్ కారు) క్యూలో నిలబెడతారు. పైన కాసేపు ఫొటోలు. చీకటి పడేలోగా మళ్ళీ దాల్ సరస్సు ఒడ్డు. హైదరాబాదు నుంచీ విజయవాడ నుంచీ వెళ్ళే మనవాళ్ళలో చాలామంది చూసి వచ్చే గుల్మార్గ్ ఇదే. ఈ పద్ధతిని మొత్తంగా తిరగెయ్యమంటాను. నా సలహాలు వింటే ట్రావెల్స్ వాళ్ళు ఒప్పుకోరు, ఇంట్లో పెద్దవాళ్ళూ ఒప్పుకోకపోవచ్చు. అయినా పట్టుబట్టండి.

కనీసం మూడు రాత్రులు గుల్మార్గ్‌లోనే ఉండండి. మొదటి రెండు రోజులూ గొండోలా జోలికి పోకండి. టిక్కెట్లు దొరుకుతున్నా సరే, పక్క గదివాళ్ళు ఎక్కి వచ్చి కథలు కథలుగా చెబుతున్నా సరే.

గుల్మార్గ్ మైదానమే 2,650 మీటర్ల ఎత్తున ఉంది. గొండోలా మొదటి అంచె 1998లో మొదలైంది. అది కొంగ్‌డూరి దాకా, అంటే సుమారు 3,100 మీటర్ల దాకా తీసుకెళ్తుంది. 2005లో వచ్చిన రెండో అంచె అఫర్వాట్ కొండ భుజం మీద, దాదాపు 3,950 మీటర్ల దగ్గర దింపుతుంది. అక్కడ గాలి ఎంత పలచనంటే, విశాఖ బీచిలో ఒక ఊపిరికి అందే ప్రాణవాయువులో మూడింట రెండు వంతులు కూడా అందదు. నిన్నటిదాకా సముద్రమట్టంలో ఉన్న ఒంటిని ఒక్క పూటలో అంతెత్తుకి ఎగరేస్తే తలనొప్పీ వాంతులూ పట్టుకుంటాయి. మనవాళ్ళు దాన్ని ‘తిండి పడలేదు’ అనుకుంటారు. తిండి తప్పేం కాదు, తొందరదే తప్పు.

ఆరోగ్యం సంగతి అలా ఉంచితే, కొండని కింద నుంచి చూడనివాడికి పైకెళ్ళినా ఏమీ కనబడదని నా గట్టి నమ్మకం. గుల్మార్గ్ చుట్టూ అడవిలోంచి 11 కిలోమీటర్ల నడకదారి ఉంది. నేల మీద మంచు లేని రోజుల్లో దాని మీద నడవండి. మబ్బు లేకపోతే ఉత్తరాన 8,126 మీటర్ల నంగా పర్బత్ తెల్లగా నిలబడి ఉంటుంది. 1902 నాటి సెయింట్ మేరీ చర్చి, గోల్ఫ్ మైదానం రెండూ నడిచే దూరంలోనే ఉన్నాయి. మూడో రోజు గొండోలా ఎక్కితే, కింద తిరిగిన చోట్లని పైనుంచి పేరుపేరునా గుర్తుపడతారు. అప్పుడు కూడా మొదటి అంచెతో దిగిపొమ్మనే అంటాను.

ఎండ కోసం ఎదురుచూడకండి. ఫోనులో వాతావరణం చూసుకుని ‘అబ్బా, మంచు పడుతుందట, ట్రిప్పు పాడైపోయింది’ అనేవాళ్ళ మాట అసలు వినకండి. శీతాకాలంలో మంచు పడే రోజే గుల్మార్గ్‌కి పండగ రోజు. మధ్యధరా సముద్రం వైపు నుంచి వచ్చే పడమటి గాలుల అలజడులు ఇక్కడికి మంచు మోసుకొస్తాయి. 2024 జనవరిలో అవి సరిగ్గా రాక మైదానమంతా గోధుమరంగు గడ్డితో బోసిగా ఉండిపోయింది. మంచు మీద బతికే ఊరు నెలాఖరు దాకా ఆకాశం వంక చూస్తూ కూర్చుంది. కాబట్టి మంచు కురుస్తుంటే గదిలో ముడుచుకోకండి, బయటికి రండి. కొత్త మంచు మెత్తగా ఉంటుంది, స్కీయింగ్ నేర్చుకునేవాళ్ళు పడ్డా దెబ్బ తక్కువ. చలువ కళ్ళద్దాలు మాత్రం మబ్బులోనూ పెట్టుకోవాలి. తాజా మంచు అతినీలలోహిత కిరణాల్ని చాలావరకు వెనక్కి కొడుతుంది, ఎండ లేకపోయినా కళ్ళు మండిపోతాయి.

ఇదంతా కింది మైదానం మాట. స్కీ పాట్రోల్ కాపలా ఉన్న హద్దు దాటి పై వాలుల్లోకి వెళ్ళడం వేరు. 2024 ఫిబ్రవరిలో అలా హద్దు బయట మంచుచరియ విరుచుకుపడి ఒక విదేశీ స్కీయర్ ప్రాణం పోయింది. ఆ హద్దు దగ్గర మొండితనం వద్దు.

ఇక స్కీయింగ్. ఇక్కడ నాకు చెప్పాల్సింది చాలా ఉంది, ఎందుకంటే ఇందులో బుద్ధికి తోచేదంతా తప్పే.

చలి కదా అని రెండు జతల మేజోళ్ళు వేసుకుంటారు. ఒక్క జతే వేసుకోండి, అదీ పలచటిది, పిక్కల దాకా వచ్చేది. స్కీ బూటు గట్టి ప్లాస్టిక్ డొల్ల. రెండు జతలతో కాలు ఇరుక్కుంటే రక్తం ఆడదు, కాలు ఇంకా చల్లబడుతుంది. మడమ లేవకుండా బిగుతుగా, వేళ్ళు మాత్రం కదిలేలా ఉండాలి. జీన్స్ ప్యాంటు వద్దే వద్దు, ఒకసారి తడిస్తే ఆ పూటకి ఆరదు. బూటుని స్కీకి పట్టి ఉంచే బైండింగ్‌ని మీ బరువుకి తగ్గట్టు బిగించమని అద్దె షాపులో గుర్తుచేసి అడగండి. పడ్డప్పుడు స్కీ ఊడిరావాలి, ఊడకపోతే మోకాలు మెలితిరుగుతుంది.

మొదటి పూటంతా పడటమే నేర్చుకోండి. నవ్వేవాళ్ళని నవ్వనివ్వండి. పక్కకి, కొండ వైపుకి పడాలి. చేతులు వెనక్కి ఆనించకూడదు. పడ్డాక స్కీలు రెండూ వాలుకి అడ్డంగా, మీకన్నా దిగువన ఉండేలా ఒత్తిగిల్లి అప్పుడు లేవాలి. స్కీలు లోయ వైపు చూస్తుంటే లేస్తూ లేస్తూనే జారిపోతారు. పడి లేవడం వచ్చినవాడికి భయం సగం పోతుంది. ఆ సగం పోకుండా మిగతా పాఠం ఒంటబట్టదు.

తర్వాత, వాలు వైపుకే వాలండి. కాళ్ళకి స్కీలు తగిలించుకుని నిలబడగానే ఒళ్ళు దానంతటదే వెనక్కి లాక్కుంటుంది. పిల్లలబడి లాంటి ఒక చిన్న వాలు మీద నాకో తెలుగు జంట కనబడ్డారు. ఆయన గట్టు మీద నుంచి “వెనక్కి వాలు, వెనక్కి! పడిపోతావ్!” అని అరుస్తున్నాడు. ఆవిడ తల తిప్పకుండానే “మీరు కాసేపు ఊరుకోండి, మాస్టారు ముందుకే వాలమంటున్నాడు” అంది. మాస్టారంటే పాతికేళ్ళ కశ్మీరీ కుర్రాడు. ఆమె కర్ర కొన పట్టుకుని తను వెనక్కి వెనక్కి జారుతూ “మోకాళ్ళు, మేడమ్, మోకాళ్ళు” అని హిందీలో ఒకటే పాట. ఆమె మోకాళ్ళు వంచింది, ముంగాలి ఎముక బూటు ముందు భాగానికి ఆనింది, స్కీల ముందు కొనలు దగ్గరికొచ్చి మడమలు దూరం జరిగాయి. లోపలి అంచులు మంచులో దిగి చప్పుడు చేశాయి. ఆగింది. ఆయన చెప్పినట్టు వెనక్కి వాలి ఉంటే బరువు మడమల మీదకి పోయేది, స్కీల ముందు భాగం తేలిపోయేది, తిప్పుదామన్నా తిరిగేది కాదు. కాళ్ళ వంక కూడా చూసుకోకండి, ఎక్కడికి పోవాలో అక్కడికి చూడండి.

వాలు పైకి లాక్కెళ్ళే డ్రాగ్ లిఫ్టుకి ఒక చిన్న బిళ్ళ ఉంటుంది. దాన్ని కాళ్ళ మధ్య పెట్టుకున్నాక కూర్చోవాలనిపిస్తుంది. కూర్చుంటే కిందపడతారు. నిలబడే ఉండండి, అదే లాక్కుపోతుంది.

పక్కనుంచి పదేళ్ళ టంగ్‌మార్గ్ పిల్లలు రివ్వున దూసుకుపోతే చిన్నబుచ్చుకోకండి, వాళ్ళ కాళ్ళు చూసి నేర్చుకోండి. 2022 బీజింగ్ శీతాకాల ఒలింపిక్స్‌కి మన దేశం నుంచి వెళ్ళిన ఒకే ఒక్క క్రీడాకారుడు ఆరిఫ్ ఖాన్ ఈ చుట్టుపక్కల ఊరివాడే, ఈ వాలుల మీదే నేర్చుకున్నాడు. జెయింట్ స్లాలమ్‌లో 45వ స్థానంలో నిలిచాడు.

స్లెడ్జి లాగేవాళ్ళ దగ్గరికి పోవద్దని, మోసం చేస్తారని అందరూ చెబుతారు. నేను మొదటి రోజే ఒకతన్ని కుదుర్చుకోమంటాను, మీరున్నన్నాళ్ళకీ అతన్నే. రేటు ముందే, ఒక్కసారే మాట్లాడుకోండి, తర్వాత మళ్ళీ బేరం ఎత్తకండి. చలికాలంలో స్లెడ్జి లాగేవాళ్ళలో చాలామంది ఎండాకాలంలో గుర్రాలు తోలుకుని బతుకుతారు. ఏ వాలు మీద మంచు గట్టిపడిందో, ఏ దారి మూసుకుపోయిందో ఏ యాప్‌కన్నా ముందు వాళ్ళకి తెలుస్తుంది.

ఆవకాయ సీసా ఇంట్లోనే వదిలెయ్యండి. కశ్మీరీలు మనలాగే అన్నం తినేవాళ్ళు. ఆవనూనెలో పచ్చిమిరపకాయలేసి నీళ్ళ నీళ్ళగా వండే హాఖ్ ఆకుకూర వేడన్నంలో కలుపుకుంటే ఇంకేం అక్కర్లేదు. తామరతూడుతో చేసే నద్రూ కూర కూడా అడిగి పెట్టించుకోండి.

చివరిది, అందరూ కొట్టిపారేసేది: నవంబరులో వెళ్ళండి. పూలు అయిపోయి ఉంటాయి, మైదానంలో మంచు ఇంకా పరుచుకుని ఉండదు, చూడటానికేం లేదంటారు. అఫర్వాట్ పైన తొలి మంచు పడే కాలం అది, కింద గడ్డి ఎండి బంగారు రంగులో ఉంటుంది, జనం ఉండరు. పైనున్న ఖిలన్‌మార్గ్ పచ్చికబయలు దాకా కాలినడకన ఎక్కడానికి అంతకన్నా మంచి కాలం లేదు. గది తీసుకునేటప్పుడు కట్టెల బుఖారీ (గదిని వెచ్చబెట్టే పొయ్యి) ఉన్నదే అడగండి. కట్టెలు ఎవరు తెచ్చిస్తారో, ఎన్నింటి దాకా వెయ్యొచ్చో అప్పుడే మాట్లాడుకోండి. నిద్రపోయే ముందు ఆర్పించి, కిటికీ ఒక రెక్క కాస్త తెరిచి ఉంచండి.