చెమ్మ పద్యము: టీకా తాత్పర్య సహితము

అవతారిక: హైదరాబాదున ఒక గృహస్థుడు జూను వానలకు మునుపే డాబాకు వాటర్‌ప్రూఫింగు చేయించెను. ఆ పనిలో వాటము తూము వైపునకు గాక ఎదుటి పిట్టగోడ వైపునకు తిరిగెను. తొలి పెద్దవానకు నీరు ఆ మూల నిలిచెను, ఇల్లు కురిసెను, హాలులో ఫ్యాను కొక్కెము నుండి చుక్కలు రాలెను. కబురందిన కాంట్రాక్టరు విచ్చేసి, తలయెత్తి చూచి, ఇట్లు పలికెను.

మూలము (ఆటవెలది):

ఏమి కాదు సారు! యెండ కాసిన చాలు
చెమ్మ తానె యారు, చింత వలదు;
మిగులు పైక మిపుడు మీరిచ్చినట్లైన
పైన పనియు మాది, పరువు మాది.

ప్రతిపదార్థము: సారు = ఓ అయ్యా (బాకీ తీరువరకే ఈ సంబోధన); ఏమి కాదు = నాకేమియు కాదు; ఎండ కాసిన చాలు = సూర్యుడు వచ్చిన చాలును, కూలీలు రానక్కరలేదు; చెమ్మ = ఉబ్బిన పుట్టీ, ఊడిన పెచ్చులు, అలమారలోని బూజు, వీటన్నిటికి కలిపి పెట్టిన ముద్దుపేరు; తానె ఆరు = తనంత తానే ఆరును; చింత వలదు = ఫోను చేయవలదు; మిగులు పైకము = నిలిపియుంచిన చివరి వాయిదా; ఇపుడు = మరుసటి వాన పడకమునుపే; పైన పని = శ్లేష. డాబా పైన పని, ఇకపైన పని. మొదటిది చెడినది, రెండవది జరుగదు.

తాత్పర్యము: ఎండకు చెమ్మ ఆరుననుట సత్యమే. ఆరునది మరక, మూయవలసినది దారి. ప్రతి మాటయు నిజమై, మొత్తము అబద్ధమగుట ఈ కవి ప్రతిభ.

విశేషములు: పొగను చూచి నిప్పు నూహించు తార్కికులు ఇచట బోల్తాపడుదురు. చుక్క రాలిన చోటికి నేరుగా పైన చిల్లుండనక్కరలేదు; శ్లాబులోని కరెంటు పైపుల వెంట నీరు దూరము నడచి కొక్కెము వద్ద దిగును. కావున తర్కమునకు ముందు ఆ గది కరెంటు ఆపవలెను.

సీలింగున తెల్లని పొడి సిమెంటు నుండి నీరు మోసుకొచ్చిన లవణము. అది తుడిచి రంగు వేసినచో, తడి లోపల చిక్కి రంగును పొక్కించును. లోని ఊచలు తుప్పుపట్టి, మునుపటికన్న ఎక్కువ చోటు ఆక్రమించి, కాంక్రీటును చీల్చును. వాటము సరిచేసి, పిట్టగోడ మొదలు గుండ్రముగా పూయుటే మందు.

కాంట్రాక్టరు సూర్యోపాసకుడు, గృహస్థుడు వరుణోపాసకుడు కావలెను. తూము మూసి, డాబాపై నీరు నిలిపి, కనీసము 24 గంటలు క్రింద కాపు కాయవలెను. పొడిగా తేలినదే పని.

స్మృతి: సేవాలోపమునకు 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము కలదు, ఫిర్యాదునకు గడువు 2 సంవత్సరములు. తేదీతో తీసిన ఫొటో ప్రత్యక్ష ప్రమాణము. "రేపు వస్తా సార్" అను వాయిస్ మెసేజి శబ్ద ప్రమాణము.

పాఠాంతరము: నాలుగవ పాదమును "పైన పనియు మాది, బరువు మీది" అని గృహిణి చదివినది. యతి చెడలేదు, అర్థము మెరుగైనది.

ఫలశ్రుతి: ఈ పద్యము విన్నంతనే పైకమిచ్చువారికి వానవానకు పునఃశ్రవణ భాగ్యము కలుగును. నీరు నిలిపి చూచి ఇచ్చువారికి పద్యము వినెడి యోగము లేదు.